రెండు ‘క’ల బాకు

మా చిన్నమామయ్య కిందటి నెలలో ఒక మంగళవారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించి, వాలుకుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. రాయపురం నుంచి మా మరిది ఫోను చేసి, "వదినా, నాయన పోయినాడు" అని ఒక్క మాట అన్నాడు. ఎనభై రెండేళ్ల మనిషి, మంచం పట్టకుండా పోయారు, అదృష్టవంతులు అని అందరూ అన్నారు. నేనూ అన్నాను. కానీ నా లోపల మెదిలిన మాట వేరు. శనివారం దాకా ఆగలేకపోయారా? ఆ శనివారం నూట పన్నెండో నంబరు సంగతి చెబుతానని నాకు మాటిచ్చారు. పధ్నాలుగేళ్లు అడిగించుకుని, తీరా ఒప్పుకున్నాక నాలుగు రోజుల ముందు జారుకున్నారు. నేను ఏ పనికి గడువు పెట్టినా ఆయన అంతే చేసేవారు.

చిన్నమామయ్య అంటే మా మామగారి తమ్ముడు. రాయపురంలో ఇంటి కింది భాగంలో వాళ్లకు తాతల నాటి బొత్తాల దుకాణం ఉంది. ఇత్తడి బొత్తాలు, భుజం పట్టీలు, జరీ అంచులు, టోపీ బిళ్లలు. బ్యాండు మేళం వాళ్లు, సెక్యూరిటీ కంపెనీల వాళ్లు, స్కూలు పరేడ్ల వాళ్లు అక్కడికే వస్తారు. ఆ దుకాణం మీద రెండు గదులలో ఆయన ఆయుధశాల. కత్తులు, ఈటెలు, డాళ్లు, పేలని తుపాకులు, ఎవరెవరో సిపాయిలు తొడిగి విడిచిన కోట్లు, నడుము పట్టీలు, ఇనుప టోపీలు. ప్రవేశం ఉచితం. చెప్పులు మాత్రం మెట్ల కింద విడవాలి. మీలో ఎవరైనా ఆ మెట్లెక్కి ఉంటే, తిరిగి వచ్చేటప్పుడు మీ చేతిలో ఆయన ఒక ఇత్తడి బొత్తాం పెట్టి ఉంటారు. పెద్దవాళ్లకైనా, పిల్లలకైనా, మనిషికి ఒకటి.

నేను మొదటిసారి ఆ పైకి వెళ్లింది చూడటానికి కాదు. ఆ రోజు వాళ్లింట్లో భోజనానికి పిలిస్తే వెళ్లి, ఆయన్ను పిలుచుకురమ్మంటే మెట్లెక్కాను. ఆయన నేల మీద కూర్చుని ఒక కత్తిని కుట్టుమిషను నూనెతో తుడుస్తున్నారు. చుట్టూ దినపత్రికలలో చుట్టిన పొడుగాటి పొట్లాలు. గోడకు ఉన్న వాటిలో సగానికి పేరు లేదు. రెండు వేర్వేరు డాళ్ల కింద ఒకే చీటీ రెండుసార్లు ఉంది.

"ఏది ఏదో, ఎవరిచ్చారో ఎక్కడైనా రాసి పెట్టుకున్నారా మామయ్యా?" అని అడిగాను.

ఆయన తల మీద తట్టుకుని, "అంతా ఈడ ఉండాది" అన్నారు.

నేను మా ఇంట్లో పప్పు డబ్బా మీద కూడా కొన్న తేదీ రాసి అంటించే మనిషిని. ఆ రోజు అన్నం నాకు సరిగ్గా దిగలేదు. తర్వాతి శనివారం మాధవరంలో బస్సెక్కి, పొడుగు రిజిస్టరు ఒకటి, దర్జీ టేపు ఒకటి తీసుకుని రాయపురంలో దిగాను. నంబరు, వస్తువు, దేనితో చేసినది, పొడవు, దెబ్బలూ మరకలూ, ఎవరిచ్చారు, ఎప్పుడు అని ఏడు గడులు గీసుకున్నాను. రెండు నెలల్లో అయిపోతుందనుకున్నాను. పధ్నాలుగేళ్లు పట్టింది.

"ఇదో, ఆడిటరమ్మ వచ్చేసినాది" అని మెట్ల మీద నా అడుగు వినగానే కత్తులతో చెప్పేవారు. నేను టేపు పెట్టి కొలుస్తుంటే, "ఏమ్మా, దానికేమన్నా పెండ్లి షేర్వానీ కుట్టిస్తావా?" అనేవారు. పొడవు రాసుకుని తలెత్తేసరికి ఆ కత్తిని ఇంకో గోడకు మార్చి ఉండేవారు. ఎందుకు మార్చారంటే, "దానికి ఆడ గాలి రాలే" అనేవారు.

కోట్ల సంగతి ఇంకా కష్టం. పాత కోటుకు ఒక బొత్తాం ఊడి ఉంటే ఆయన ప్రాణం నిలిచేది కాదు. కిందికి దిగి దుకాణంలో వెతికి, దాదాపు అలాంటిదే ఒకటి తెచ్చి కుట్టేసేవారు. అలా కుట్టకూడదు మామయ్యా, ఊడింది ఊడినట్టే ఉంచాలి, అప్పుడే అది పాతదని చూసేవాళ్లు నమ్ముతారు అని నేను ఎన్నిసార్లు చెప్పానో.

"వాడు యుద్ధానికి పొయ్యి వచ్చినోడమ్మా. వాని కోటు బొత్తాం లేకుండా వేలాడతా ఉంటే, బొత్తాల కొట్టు పెట్టుకొని చూస్తా ఉండేదానికి నాకు సిగ్గుగా లేదా?"

చివరికి నా రిజిస్టరులోనే దానికి ఒక పద్ధతి పెట్టుకోవాల్సి వచ్చింది. ‘అసలు బొత్తాలు నాలుగు, మామయ్య బొత్తాలు మూడు’ అని ప్రతి కోటుకూ విడివిడిగా లెక్క రాశాను. ఒక ఎర్ర ఉన్ని కోటుకు అసలువి ఒకటి, మామయ్యవి తొమ్మిది.

ఆయుధపూజ నాడు నేను వెళ్లకుండా ఉండటం నేర్చుకున్నాను. ఆ రోజు ప్రతి కత్తికీ, ప్రతి తుపాకీకీ, ఇనుప టోపీలకు సైతం గంధం, కుంకుమ పెట్టేవారు. మర్నాడు తుడిచేవారు కారు. దేవుడికి పెట్టింది తానే ఆరిపోవాలట. రాయపురం సముద్రపు గాలికి ఆ తడి కింద ఇనుము చుక్క చుక్కగా తుప్పు పట్టేది. ఒకసారి కత్తుల సంగతి బాగా తెలిసిన ఒక పెద్దమనిషి వచ్చి, అద్దం పెట్టి చూసి, ఇన్ని కత్తులకు పిడికి జానెడు కింద ఒకే చోట గుండ్రటి మచ్చ ఎలా వచ్చిందో అంతుపట్టడం లేదని చాలాసేపు ఆలోచించాడు. ఇది ఒకే కొలిమిలో తయారైన గుర్తేమో అన్నాడు.

"అది బొట్టు సార్" అన్నారు చిన్నమామయ్య.

నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

నా మాట వినని మనిషి ఇంకెవరి మాటైనా వింటే నాకు ఒళ్లు మండేది. హార్బరులో చేపలమ్మే ఒకామె మధ్యాహ్నం ఎండకు ఆ పైగదికి వచ్చి ఫ్యాను కింద కూర్చునేది. బుట్ట మెట్ల కిందే పెట్టేది కానీ వాసన ఆమె కంటే ముందు పైకి వచ్చేది. ఆమె ఒక రోజు పెద్ద కత్తి అంచు మీద బొటనవేలు ఆనించి, "ఏంది సామీ ఇది, దీనితో వంజరం తల గూడ తెగదు. దీన్ని పెట్టుకొని యుద్ధం చేసినారా?" అంది. ఆయన అరగంట నవ్వారు. కుంకుమ తడి ఆరేదాకా ఉంచితే ఇనుము చెడుతుందని, తన కత్తిని అయితే బొట్టు పెట్టిన గంటకే తుడిచి నూనె పూస్తానని ఆమె చెప్పింది. ఆ ఏటి నుంచి తుడవడం మొదలుపెట్టారు. నేను అదే మాట ఆరేళ్లుగా చెబుతున్నాను. ఆయన ఇచ్చిన బొత్తాన్ని ఆమె తన నడుము సంచికి కుట్టుకుంది. చావుకు వచ్చినప్పుడు కూడా అది అక్కడే ఉంది.

ఇక నూట పన్నెండో నంబరు.

అదొక బాకు. జానెడు పొడవు, కొమ్ముతో చేసిన పిడి, పిడి చివర ఇత్తడి గుబ్బ. ఆ గుబ్బ ఒక పక్క బాగా నలిగిపోయి ఉంది. గొప్ప వస్తువేమీ కాదు. కానీ ఆయన దాన్ని గుమ్మానికి ఎదురుగా, అద్దం బిరువాలో, ఒక్కదాన్నే పెట్టారు. కింద అట్టముక్క మీద తన చేత్తో తెలుగులో ‘బాకు’ అని, దాని కింద తమిళంలో అదే మాట రాశారు. అక్కడే వచ్చింది తంటా. తమిళంలో ‘బ’కు వేరే అక్షరం లేదు. ‘ప’ రాసి చదువుకోవాలి. ఒక్క ‘క’ వేస్తే ‘గ’ అని చదువుతారని ఆయన రెండు ‘క’లు వేశారు. అప్పుడది ‘పాక్కు’ అయింది. పాక్కు అంటే తమిళంలో వక్క.

కార్పొరేషను బడి పిల్లలు వచ్చినప్పుడల్లా ఇదే జరిగేది. ముందు ఒకడు కూడబలుక్కుని చదివేవాడు. తర్వాత గది మొత్తం పగలబడి నవ్వేది. "తాతా, పాక్కు ఇరుక్కు, వెత్తలై ఎంగే?" అని ఒక పిల్ల అడిగింది ఒకసారి. వక్క ఉంది సరే, తమలపాకు ఏదీ అని. పంతులమ్మ వాళ్లను గదిమింది. నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది. ఆయన మాత్రం ఆ పిల్ల కంటే ఎక్కువ నవ్వి, దానికి రెండు బొత్తాలిచ్చారు.

పిల్లలు వెళ్లాక నేను పట్టుకున్నాను.

"మామయ్యా, బాకును తమిళంలో కుఱువాళ్ అంటారు. ఆ మాట రాయండి. వక్క అని రాసి నవ్వులపాలు కావడం దేనికి?"

"నేను వక్క అని రాయలేదమ్మా. బాకు అని రాసినా. ఆళ్లు వక్క అని చదువుకుంటా ఉండారు."

"అలా రాస్తే అలాగే చదువుతారు."

"ఒక ‘క’ వేస్తే పాగు, అంటే బెల్లం పాకం అవుతాది. రెండేస్తే వక్క అవుతాది. రెండిట్లో వక్కే మేలు గదా, కొరికితే గట్టిగా అన్నా ఉంటాది."

నేను మంచి అట్ట కొని, కుఱువాళ్ అని ఒక తమిళ పంతులుగారి చేత అందంగా రాయించి తెచ్చి పెట్టాను. తర్వాతి శనివారానికి పాత చీటీయే ఉంది. మళ్లీ పెట్టాను. మళ్లీ తీశారు. మూడోసారి నా అట్టను బిరువా కాలు కింద ఊగకుండా పెట్టి ఉండటం చూశాను. ఆ తర్వాత వదిలేశాను. దాని ఆరో గడి మాత్రం వదల్లేకపోయాను. ‘ఎవరిచ్చారు?’

ఆయన ఆ బాకుకు ఎన్ని కథలు చెప్పారో! బడి పిల్లలకు అది కోటలో కావలి కాసిన ఒక ఆడమనిషిది. పోలీసు ఆఫీసరు వస్తే, పట్టినపాక్కం జాలర్ల వలలో పడింది. రిటైరైన ఒక సుబేదారు గారికి, మైసూరు సిపాయి బూటులో దాచుకున్నది. నేను ప్రతి కథనూ పెన్సిలుతో రాసుకున్నాను, ఏదో ఒకటి నిజమని తేలితే సిరాతో దిద్దుదామని. గడి నిండిపోయి పక్కన కాగితం అంటించాను. పదకొండు కథలు. మిగిలిన నూట అరవై రెండు వస్తువులకు ఆయన కొంచెం సతాయించినా చివరికి నిజం చెప్పారు. కొన్నిటికి ఇచ్చినవాళ్ల ఉత్తరాలు కూడా తీసిచ్చారు. ఈ ఒక్కదాని దగ్గరికి వచ్చేసరికి, "సుమ్మా రాసుకో, ఏదో ఒకటి" అని కాఫీకి లేచేవారు.

"ఏదో ఒకటి రాయడానికి రిజిస్టరు ఎందుకు మామయ్యా?"

"అదే నేనూ అడగతా ఉండా. ఎందుకూ?"

కిందటి ఏడాది ఆయనకు మెట్లెక్కడం కష్టమైంది. ఉప్పుగాలికి ఇనుము, తేమకు ఉన్ని పాడైపోతున్నాయి. తన తర్వాత వీటిని చూసే ఓపిక కొడుక్కి లేదని ఆయనకు తెలుసు. ఆ మాట నిష్ఠూరంగా కాక మామూలుగానే చెప్పారు. నగరంలో ఒక కాలేజీ చరిత్ర విభాగం వాళ్లు అన్నిటినీ తీసుకుని ఒక హాలులో పెడతామన్నారు. వాళ్ల ప్రొఫెసరమ్మ వచ్చి నా రిజిస్టరు తిరగేసి, ‘మామయ్య బొత్తాలు’ దగ్గర నవ్వి, ఇంత పద్ధతిగా ఉన్న ప్రైవేటు సేకరణను ఇంతవరకు చూడలేదంది. నాకు చాలా సంతోషం వేసింది. తర్వాత ఆమె పెట్టిన షరతు ఒక్కటే. ఎవరి దగ్గరి నుంచి వచ్చిందో తెలియని ఆయుధం మేము తీసుకోలేము అంది.

ఆయన పెట్టిన షరతూ ఒక్కటే. "అన్నీ ఒకే చోట ఉండాల. ఒకటి గూడ తగ్గకూడదు. విడదీసేదైతే వద్దు, ఈడనే తుప్పు పట్టనీ."

రెండు షరతుల మధ్యా నూట పన్నెండో నంబరు. అది తేలకపోతే అన్నీ ఆగిపోతాయి. అది తేల్చగలిగిన మనిషి ఒక్కరే, ఆయనే నోరు విప్పరు. నాకు ఆ రోజుల్లో కలలో కూడా ఆ ఖాళీ గడే కనిపించేది.

ఆయన్ను చివరిసారి చూసిన శనివారం నేను నిజంగానే కోప్పడ్డాను. రిజిస్టరు మూసి ఆయన ఒళ్లో పెట్టేశాను.

"ఒకటి కూడా తగ్గకూడదన్నది మీరు. ఆ ఒకటి తగ్గేటట్టు చేస్తున్నదీ మీరే. పధ్నాలుగేళ్లు ఈ ఎండలో బస్సులెక్కి వచ్చింది, మీరు నన్ను ఆట పట్టించడానికా?"

ఆయన బిరువా వైపు చూస్తూ కూర్చున్నారు. తర్వాత, "వచ్చే శనివారం చెప్తా. తప్పకుండా, కండిప్పగా చెప్తా" అన్నారు. నేను మెట్లు దిగబోతుంటే వెనక నుంచి, "వచ్చేటప్పుడు మీ పెద్దత్తను గూడ పిల్చుకొని రా" అన్నారు.

పెద్దత్త అంటే మా వారి మేనత్త, చిన్నమామయ్యకు నాలుగేళ్లు పెద్దదైన అక్క. మాధవరంలో మాకు రెండు వీధుల అవతల ఉంటుంది. మోకాళ్ల నొప్పులు. ఆమె ఆ పైగదులలోకి ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎక్కుతానన్నప్పుడల్లా ఆయనే, "వద్దులేక్కా, ఆడ ఉండేదంతా తుప్పు" అని కిందికి దిగి వచ్చి కబుర్లు చెప్పేవారు. అలాంటిది ఇప్పుడు ఆమెను రెండు బస్సులు మార్చి తీసుకురావడమంటే, ఇది కూడా వాయిదా వేయడానికి ఒక సాకు అనుకున్నాను. విసుక్కుంటూనే ఆటో మాట్లాడి పెట్టుకున్నాను. ఆ ఆటోలోనే మంగళవారం ఇద్దరం చావింటికి వెళ్లాం.

కర్మకాండలు అయిపోయిన మర్నాడు కాలేజీ వ్యాను వచ్చింది. ఒక్కదాని కోసం ఆయన ఆఖరి కోరికను ఆపడం దేనికి, కానిద్దామని మా మరిది అన్నాడు. మనుషులు పైనుంచి ఒక్కొక్కటే దింపి దుకాణం నేల మీద, బల్లల మీద పరిచారు. ప్రొఫెసరమ్మ జాబితా చదువుతుంటే నేను రిజిస్టరులో టిక్కు పెడుతున్నాను. నూట పదకొండు అయ్యాక ఆమె నా ముఖం చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె బాకును, దాని చీటీతో సహా తీసి గల్లాపెట్టె పక్కన విడిగా పెట్టింది. "దీన్ని మీ ఇంట్లోనే ఉంచుకోండి. ఒక్కటే కదా" అంది. ఒకటి కూడా తగ్గకూడదన్న మనిషికి ఏం సమాధానం చెప్పను?

పెద్దత్త గల్లాపెట్టె దగ్గరే కుర్చీలో కూర్చుని ఆకు వేసుకుంటోంది. ఒళ్లో వాళ్ల అమ్మ నాటి ఇత్తడి తమలపాకుల పెట్టె. ఆమె తమలపాకు తొడిమ తుంచుతూ పక్కకు చూసింది. చెయ్యి ఆగిపోయింది.

"ఓరి నీ! ఇది ఈడుండాదా?"

"ఏది అత్తా?"

"ఇదే. మా అమ్మ వక్కల కత్తి." ఆమె దాన్ని తీసి, పిడిని తిప్పి, నలిగిన గుబ్బ చూపించింది. "ఇదో చూడు, దీనితోనే వక్కలు నలగ్గొట్టేది. మొనతో సున్నం గీసుకొనేది."

అందరూ చుట్టూ చేరారు. ఆమె చెప్పింది ఇది. వాళ్ల తాత కోటలోని సిపాయిల కోట్లకు బొత్తాలు కుట్టి ఇచ్చేవాడట. ఒక కోటు లోపలి జేబులో ఇది దొరికింది. కోటు కోసం ఎవరూ రాలేదు. కోటును పురుగు తినేసింది, కత్తి మిగిలింది. ఇంటికి కోడలిగా వచ్చిన వాళ్ల అమ్మ దాన్ని ఆకుల పెట్టెలో పెట్టుకుంది.

"నాకు పదేండ్లు. ఒక రోజు పెట్టె తెరిస్తే కత్తి లేదు. ముందు రోజు పెట్టె తుడిచింది నేను. యాడ పారేసినావే అని అమ్మ అట్లకాడ తీసుకొనింది. ఇదో, ఈ మోచెయ్యి ఇప్పటికీ చలికి లాగతాది. నేను పెండ్లయ్యి పొయ్యేదాకా ఈ పెట్టె నన్ను తాకనీలే. తమ్ముడేమో ఆ మూల నిలబడి చూస్తానే ఉన్నాడు. ఆరేండ్లోడు. కట్టెపుల్ల పట్టుకొని సిపాయి ఆట ఆడేవాడు ఎప్పుడూ. అప్పుడన్నా నాకు తోచలే చూడు."

ఆమె కత్తిని తిప్పి తిప్పి చూసింది.

"దొంగ వెధవ" అంది. నవ్వింది. తర్వాత పైటతో కళ్లు ఒత్తుకుంది. "చెప్పింటే ఏమయ్యేది? ఒక మొట్టికాయ వేసి వదిలేసుందును గదా. డెబ్బై ఆరేండ్లు మోసినాడా దీన్ని?"

అప్పుడు నాకు అర్థమైంది, శనివారం ఆమెను ఎందుకు పిలుచుకు రమ్మన్నారో. నా రిజిస్టరులో అది నూట పన్నెండు. ఆయన సేకరణ మొదలైంది దానితోనే. పిల్లలకు, పోలీసులకు, సుబేదారుకు పదకొండు కథలు అల్లినా, పన్నెండోది ఆమె ఎదుట తప్ప చెప్పకూడదనుకున్నారు. నేను వినాల్సిన మనిషిని కానని ఒక్క మాట అని ఉంటే, ఆమెను పధ్నాలుగేళ్ల కిందటే ఎత్తుకునైనా ఆ మెట్లెక్కించేదాన్ని కదా!

పెద్దత్త చీటీ అందుకుని కళ్లద్దాలు సర్దుకుంది. ఆమె చదువుకుంది తమిళ బడిలో. తెలుగు మాట వదిలేసి కింది వరుస చదివింది.

"పాక్కు" అంది. "సరిగ్గానే రాసుండాడు గదా."

నేను రిజిస్టరు మీద నుంచి తలెత్తలేదు. ఎత్తితే ఏడుస్తానో, అరుస్తానో నాకే తెలియలేదు. మూడు అట్టలు రాయించాను! అది రాతలో తప్పా, తెలిసి రాసిన మాటా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అడుగుదామంటే ఆయన లేరు. ఉన్నా చెప్పేవారు కారు.

ప్రొఫెసరమ్మ మెల్లగా, "ఇప్పుడు ఆ గడిలో రాయొచ్చు కదా" అంది. నేను సిరా కలం తీశాను. ఏమని రాయను?

"మా తమ్ముడు దొంగిలించినాడని రాయి" అంది పెద్దత్త.

"అట్లా రాయకూడదు అత్తా. దొంగిలించిన వస్తువును వాళ్లు తీసుకోరు."

ఆమె ఆ బాకును ఒళ్లో పెట్టుకుంది. పెట్టె మూత తెరిచి లోపల చూసింది. ఆకుల అరకు, సున్నపు డబ్బీకి మధ్య సన్నగా, పొడుగ్గా ఒక ఖాళీ గాడి ఉంది. ఆ పెట్టెను నేను పాతికేళ్లుగా చూస్తున్నాను. ఆ గాడి దేనికని ఎప్పుడూ అడగలేదు. బాకును ఆ గాడిలో పెట్టి చూసింది. సరిగ్గా పట్టింది. మళ్లీ తీసి ప్రొఫెసరమ్మ చేతికి ఇచ్చేసింది.

"అయితే నేనిచ్చినానని రాయి. అమ్మ పోతా పోతా పెట్టె నాకిచ్చింది, పెట్టెలోది గూడ నాదే. నేను వానికి ఇచ్చినా. వాడు మీకిస్తా ఉండాడు."

ఆరో గడిలో రాశాను: ‘అక్క ఇచ్చినది.’ పెన్సిలు కథలు చెరిపేద్దామని రబ్బరు తీశాను. ఎందుకో చెరపలేదు. పక్కన వేలాడుతున్న కాగితాన్ని కూడా అలాగే ఉంచాను. వ్యానులో నూట అరవై మూడూ ఎక్కాయి. ఒకటి కూడా తగ్గలేదు. కాలేజీలో ఇప్పుడు వాటికి కొత్త చీటీలు అచ్చువేశారు. బాకు కింద కుఱువాళ్ అని ఉంది. నేను వెళ్లి చూశాను. అక్షరాలు చక్కగా ఉన్నాయి. అక్కడ నిలబడి ఎవరూ నవ్వడం లేదు.

పాత చీటీని పెద్దత్త అడిగి తీసుకుంది. మొన్న శనివారం, వెళ్లడానికి రాయపురం లేదు కాబట్టి, ఆమె ఇంటికి నడిచి వెళ్లాను. ఆకు వేసుకోవడానికి పెట్టె తెరిచింది. ఆ ఖాళీ గాడిలో, అంచులు కొంచెం మడిచి, చిన్నమామయ్య చీటీ పెట్టుకుంది. పైన బాకు, కింద వక్క. అప్పుడే రెండో ‘క’ మీద సున్నపు వేలిముద్ర పడింది.

"అయ్యో అత్తా, రాత చెరిగిపోతుంది. ప్లాస్టిక్ కవరు తెచ్చిస్తాను, అందులో పెట్టుకోండి" అన్నాను.

"దానికి గాలి రావద్దా?" అని ఆమె ఆ తడి వేలితోనే చీటీని లోపలికి ఇంకాస్త నొక్కి, ఒక వక్క తీసి నా చేతిలో పెట్టింది.